ఎల్మ్: ఫంక్షనల్ భాషతో ఫ్రంట్ ఎండ్ చదువు

ఎల్మ్ వెబ్ పేజీల ఫ్రంట్ ఎండ్ రాయడానికే పుట్టిన ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష. బ్రౌజర్‌లో కనిపించే బటన్లు, ఫారాలు, జాబితాలు, వాడేవారి క్లిక్కులకు అవి స్పందించే తీరు, ఇదీ దాని పరిధి. సర్వర్ పనుల జోలికి అది పోదు. ఇవాన్ చాప్లికీ అమెరికాలో హార్వర్డ్ విద్యార్థిగా ఉండగా 2012లో రాసిన సిద్ధాంత పత్రం నుంచి ఈ భాష వచ్చింది. కంపైలర్‌ను హాస్కెల్‌లో రాశారు. ఎల్మ్ ప్రోగ్రామును అది జావాస్క్రిప్ట్‌గా మార్చి ఇస్తుంది, బ్రౌజర్ నడిపేది ఆ జావాస్క్రిప్ట్‌నే.

ఉద్యోగాల లెక్కన చూస్తే ఎల్మ్ చిన్న భాష. హైదరాబాద్ కంపెనీల ప్రకటనల్లోనూ, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదా రియాక్ట్, యాంగ్యులర్ పేర్లే ఉంటాయి. అయినా ఫ్రంట్ ఎండ్ కొత్తగా నేర్చుకునేవారు దీని గురించి తెలుసుకోవలసింది చాలా ఉంది. తెర మీద కనిపించేదంతా ప్రోగ్రాము స్థితి నుంచి లెక్కగట్టిన ఫలితమే అన్న భావన నేటి ఫ్రంట్ ఎండ్‌కు మూలం. జావాస్క్రిప్ట్ దారిలో వెళ్లే విద్యార్థికి లైబ్రరీలు, బండ్లర్లు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు దాటాక ఎప్పటికో అది అందుతుంది. ఎల్మ్‌లో అదే మొదటి పాఠం. దాన్ని తప్పించుకుని ఒక్క పేజీ కూడా రాయలేరు.

పుట్టుక, మలుపులు

బ్రౌజర్‌కు ఫంక్షనల్ భాషలతో చుట్టరికం కొత్తది కాదు. 1995లో నెట్‌స్కేప్ సంస్థ బ్రెండన్ ఐక్‌ను తీసుకున్నది బ్రౌజర్‌లో స్కీమ్ భాషను పెట్టే ఆలోచనతో. స్కీమ్ లిస్ప్ కుటుంబానికి చెందిన ఫంక్షనల్ భాష. చివరకు చూపులకు జావాలా ఉండే భాష కావాలని సంస్థ పట్టుబట్టింది, ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని తయారుచేశాడు. ఫంక్షన్‌ను కూడా ఒక విలువగా చేతులు మార్చుకోవచ్చన్న స్కీమ్ గుణం మాత్రం అందులో మిగిలింది.

తర్వాతి పదిహేనేళ్లలో స్థిరపడిన పద్ధతి వేరు. 2006లో వచ్చిన జేక్వెరీతో పేజీలోని ఒక మూలకాన్ని వెతికి పట్టుకుని, దాని అంకెనో రంగునో అక్కడికక్కడే మార్చేవారు. చిన్న పేజీకి ఇది హాయి. పేజీ పెరిగేకొద్దీ అసలు సమాచారం ఎక్కడ ఉందో తెలియకుండా పోతుంది. కార్టులో వస్తువుల సంఖ్య పైన ఒకచోట, పక్కన ఒకచోట, కింద బిల్లులో ఒకచోట కనిపిస్తే మూడింటినీ గుర్తుపెట్టుకుని మార్చాలి, ఒకటి మరిచారా పేజీ అబద్ధం చెబుతుంది. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ ఈ చిక్కును విప్పే ప్రయత్నమే. దాని సృష్టికర్త జోర్డన్ వాక్ తొలి నమూనాను స్టాండర్డ్ ఎంఎల్ అనే ఫంక్షనల్ భాషలో రాశాడన్న సంగతి రియాక్ట్ నేర్చుకునే చాలామందికి తెలియదు.

చాప్లికీ మరో దారిన అక్కడికే వచ్చాడు. కోనల్ ఎలియట్, పాల్ హుడక్ 1997లో ప్రతిపాదించిన ఫంక్షనల్ రియాక్టివ్ ప్రోగ్రామింగ్ ఎల్మ్‌కు తొలి పునాది. కాలంతో పాటు మారే విలువలను సిగ్నళ్లుగా చూడటం అందులో కీలకం. మౌస్ ఎక్కడుందో ఒక సిగ్నల్, కిటికీ వెడల్పు ఒక సిగ్నల్. ఈ అంశంపై చాప్లికీ, స్టీఫెన్ చాంగ్ కలిసి రాసిన పరిశోధన పత్రం 2013లో ప్రోగ్రామింగ్ భాషల ప్రముఖ సదస్సు పీఎల్‌డీఐలో వచ్చింది. ఆ ఏడాదే చాప్లికీ ప్రెజీ సంస్థలో చేరాడు. 2016లో, అమెరికా పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం, రచన నేర్పే నోరెడ్‌ఇంక్‌కు మారాడు.

అదే 2016లో వచ్చిన 0.17 విడుదల ఎల్మ్ చరిత్రలో పెద్ద మలుపు. సిగ్నళ్లను పూర్తిగా తీసేశారు. కొత్తవాళ్లు తడబడుతున్నది ప్రధానంగా సిగ్నళ్ల దగ్గరేనని తేలింది, పైగా వాటితో పని లేకుండానే ప్రోగ్రాములు రాసే పద్ధతి ఒకటి అప్పటికే వాడుకలో స్థిరపడింది. తన పరిశోధన పత్రానికి ఆధారమైన భావననే విద్యార్థుల కోసం పక్కన పెట్టిన భాషా రూపకర్తలు అరుదు. ఎల్మ్‌ను బోధన దృష్టితో చూడటానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కరలేదు.

మోడల్, అప్‌డేట్, వ్యూ

సిగ్నళ్లు లేకుండా రాసే ఆ పద్ధతి పేరు ఎల్మ్ ఆర్కిటెక్చర్. ఏ ప్రోగ్రాముకైనా అంగాలు మూడే. మోడల్‌లో ప్రోగ్రాముకు తెలిసిన సమాచారమంతా ఉంటుంది. వ్యూ ఆ మోడల్‌ను తీసుకుని పేజీ ఎలా ఉండాలో చెప్పే ఫంక్షన్. వాడేవారు ఏదైనా చేస్తే ఒక సందేశం పుడుతుంది. అప్‌డేట్ ఆ సందేశాన్నీ ఇప్పటి మోడల్‌నూ తీసుకుని కొత్త మోడల్‌ను ఇస్తుంది. పాత మోడల్‌ను ఎవరూ దిద్దరు, దిద్దడానికి భాషలో వీలే లేదు. కొత్త మోడల్ రాగానే రన్‌టైమ్ మళ్లీ వ్యూను పిలిచి, పాత పేజీకీ కొత్త పేజీకీ తేడా చూసి, ఆ తేడా మేరకే బ్రౌజర్‌లో మారుస్తుంది.

ప్రతి హెచ్‌టీఎమ్ఎల్ ట్యాగూ ఇక్కడ ఒక ఫంక్షనే. దానికి రెండు జాబితాలు ఇవ్వాలి: ఒకదాంట్లో గుణాలు, రెండోదాంట్లో లోపలి మూలకాలు. విడిగా టెంప్లేట్ భాష నేర్చుకోనక్కర్లేదు. ఇరవై మంది విద్యార్థుల పట్టిక కావాలంటే ఒక వరుసను గీసే ఫంక్షన్ రాసి, లిస్ట్ మ్యాప్‌తో జాబితా అంతటికీ వర్తింపజేస్తారు. ఫర్ లూప్ అనేది భాషలో లేదు, నల్ లేదు, ఎల్స్ లేని ఇఫ్ కూడా లేదు. జావా, సీ నేర్చుకుని వచ్చినవారికి మొదటి వారం చేతులు కట్టేసినట్టుంటుంది. రెండో వారం నాటికి, రాసిన ఫంక్షన్‌ను దాని చుట్టూ ఉన్న కోడ్ చూడకుండానే అర్థం చేసుకోగలుగుతున్నామని వాళ్లే గమనిస్తారు.

సమాచారానికి ఆకారం ఇవ్వడం దగ్గర ఈ చదువు నిజంగా ఫలిస్తుంది. ఇంటర్ ఫలితాలు చూపే పేజీ ఒకటి రాస్తున్నామనుకుందాం. విద్యార్థి హాల్ టికెట్ నంబరు ఇస్తాడు, సర్వర్ నుంచి మార్కులు వస్తాయి. మామూలుగా రాసేవారు మూడు వేరియబుళ్లు పెట్టుకుంటారు: లోడ్ అవుతోందా, తప్పు జరిగిందా, మార్కులు వచ్చాయా. ఒక్కొక్కటి రెండు రకాలుగా ఉండగలదు గనక మొత్తం ఎనిమిది కలయికలు. అర్థమున్నవి నాలుగే. మిగతా నాలుగూ మనకు రోజూ కనిపించే చెత్త పేజీలు: మార్కులు కనిపిస్తూనే చక్రం తిరుగుతుండటం, ఎర్ర అక్షరాల హెచ్చరిక కిందే ఫలితం ఉండటం వంటివి.

ఎల్మ్‌లో ఆ మూడు వేరియబుళ్ల బదులు ఒకే కస్టమ్ టైప్ రాస్తారు. దానికి నాలుగు రూపాలు: ఇంకా అడగలేదు, ఎదురుచూస్తున్నాం, విఫలమైంది, వచ్చింది. మార్కులు నాలుగో రూపం లోపల మాత్రమే ఉంటాయి. కాబట్టి ఎదురుచూస్తుండగా మార్కులు చూపే కోడ్ రాయాలనుకున్నా రాయలేరు, చూపడానికి అక్కడ మార్కులే లేవు. వ్యూలో నాలుగు రూపాలకూ సమాధానం రాయాలి. విఫలమైనప్పుడు ఏం చూపాలో మరిచిపోతే ప్రోగ్రాము కంపైల్ కాదు. ఈ నాలుగు రూపాల అమరికను క్రిస్ జెంకిన్స్ రిమోట్ డేటా అనే ప్యాకేజీగా ప్రచారంలోకి తెచ్చాడు. జరగకూడని స్థితులను రాయడానికే వీల్లేకుండా టైపులను మలచాలన్న సూత్రాన్ని రిచర్డ్ ఫెల్డ్‌మన్ 2016 నాటి ప్రసంగంలో విపులంగా చెప్పాడు. జావాస్క్రిప్ట్‌కు టైపులు జోడించిన టైప్‌స్క్రిప్ట్‌లోనూ ఇలా రాయవచ్చు. కాని అక్కడ అది తెలిసినవారు కావాలని ఎంచుకునే పద్ధతి, ఇక్కడ చేతికి సహజంగా వచ్చేది ఇదే.

బయటి ప్రపంచంతో పని

ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పుడూ ఒకే ఫలితం ఇవ్వాలన్నది ఎల్మ్ ఫంక్షన్‌కు నియమం. మరి పాచిక వేయడం ఎలా? వేసిన ప్రతిసారీ వేరే అంకె రావాలి కదా. అధికారిక గైడులో ఈ ఉదాహరణ దగ్గరికి వచ్చిన విద్యార్థి మొదటిసారి గట్టిగా ఆగుతాడు. యాదృచ్ఛిక సంఖ్యను నేరుగా ఇచ్చే ఫంక్షన్ కోసం వెతికితే దొరకదు. దొరికేది ఒక కమాండ్. అప్‌డేట్ కొత్త మోడల్‌తో పాటు ఆ కమాండ్‌ను కూడా తిరిగి ఇస్తుంది. డాక్టరు మందుల చీటీ రాస్తే మందులు షాపువాడు ఇచ్చినట్టు, అప్‌డేట్ ఏం కావాలో రాసి ఇస్తుంది, తెచ్చేది రన్‌టైమ్. వచ్చిన అంకె మళ్లీ ఒక సందేశంగా అప్‌డేట్‌కే చేరుతుంది. సర్వర్‌ను సమాచారం అడగడమూ ఈ దారినే. గడియారం, కీబోర్డు లాంటి వాటినుంచి ఎడతెగకుండా వచ్చేవాటికి సబ్‌స్క్రిప్షన్లు ఉన్నాయి.

చిన్న పాచిక కోసం ఇంత తతంగమా అనిపిస్తుంది. ప్రయోజనం పరీక్షించేటప్పుడు తెలుస్తుంది. అప్‌డేట్ ఎన్ని కమాండ్లు ఇచ్చినా అది తానుగా దేన్నీ ముట్టుకోదు గనక, బ్రౌజర్ లేకుండా సర్వర్ లేకుండా దాన్ని పరీక్షించవచ్చు. సందేశాలన్నీ ఒకే ద్వారం గుండా వెళతాయి గనక డీబగ్గర్ వాటి చిట్టా ఉంచుకుని, వెనక్కి జరిపి ఏ క్షణంలో పేజీ ఎలా ఉందో చూపగలదు. 2014లో ఈ కాలప్రయాణ డీబగ్గర్‌ను ప్రదర్శించారు. 2016 చివర్లో వచ్చిన 0.18తో ఆ చిట్టాను ఫైలుగా దాచి సహోద్యోగికి పంపే వీలు కలిగింది.

విద్యార్థులు ఎక్కువగా విసుక్కునేది, సర్వర్ పంపిన సమాచారాన్ని తనిఖీ చేసి లోపలికి తీసుకునే జేసన్ డీకోడర్ల దగ్గర. జావాస్క్రిప్ట్‌లో సర్వర్ ఏం పంపినా అలాగే వాడేసుకోవచ్చు. ఎల్మ్‌లో అలా కుదరదు. మార్కులు అనే పేరుతో ఒక పూర్ణాంకం, పేరు అనే పేరుతో ఒక స్ట్రింగ్ వస్తాయని ముందే డీకోడర్‌లో రాయాలి. పై ఫలితాల పేజీకే వద్దాం. ఎక్కువమందికి 87 వంటి అంకె వస్తుంది. పరీక్షకు రాని విద్యార్థికి అంకె బదులు అక్షరాలు రావచ్చు. జావాస్క్రిప్ట్ పేజీలో ఆ అక్షరాలు మొత్తం మార్కుల కూడికలో కలిసిపోయి అర్థంలేని స్ట్రింగ్ ఒకటి తెరమీదికి వస్తుంది, అదీ ఆ ఒక్క విద్యార్థి చూసినప్పుడే. ఎల్మ్ డీకోడర్ వాకిట్లోనే ఆపి, ఏ ఫీల్డులో అంకెకు బదులు ఏం వచ్చిందో చెబుతుంది. అప్పుడు మార్కులు అన్న టైపుకే రెండు రూపాలు ఇవ్వాలని తెలుస్తుంది: వచ్చిన మార్కులు, గైర్హాజరు. వన్ ఆఫ్ అనే డీకోడర్ ఈ రెండింటినీ వరుసగా ప్రయత్నిస్తుంది. కోడ్ పొడవు పెరిగిందని ఒప్పుకోవాలి. ఆ పొడవు ఊరికే రాలేదు, సమాచారంలోనే ఉన్న తేడాను రాయాల్సి వచ్చింది.

బోధించే కంపైలర్

కంపైలర్ సందేశాలు ఎల్మ్‌కు పేరు తెచ్చాయి. 2015లో 0.15.1 విడుదలతో చాప్లికీ వాటిని మనుషుల కోసం తిరగరాశాడు. కంపైలర్ ఉత్తమ పురుషలో మాట్లాడుతుంది. ఈ పేరు నాకు కనబడలేదు, నువ్వు రాసినదానికి దగ్గరగా ఉన్న పేర్లు ఇవీ అంటూ నాలుగు చూపిస్తుంది. తప్పున్న వరుసను యథాతథంగా చూపి, అక్కడ ఏ టైపు ఉందో, ఏది ఉండాలో వేర్వేరుగా చెబుతుంది. 2019 అక్టోబరులో వచ్చిన 0.19.1లో వాక్యనిర్మాణ దోషాల సందేశాలకూ ఇదే మెరుగు పెట్టారు. రస్ట్ భాష 2016లో తన దోష సందేశాలను మార్చుకున్నప్పుడు ఎల్మ్ నుంచి స్ఫూర్తి పొందినట్టు చెప్పుకుంది.

ఒంటరిగా నేర్చుకునేవారికి దీని విలువ ఎక్కువ. పక్కన అడగడానికి సీనియర్ లేని ఊళ్లో కూర్చుని చదివే విద్యార్థికి, తెల్లటి ఖాళీ పేజీ వచ్చి కన్సోల్‌లో అన్‌డిఫైన్డ్ అని ఒక్క మాట కనిపించడం కన్నా నిరుత్సాహం మరొకటి ఉండదు. ఎల్మ్‌లో ఆ ఖాళీ పేజీ దాదాపు రాదు, తప్పు కంపైల్ చేసేటప్పుడే బయటపడుతుంది. రన్‌టైమ్ దోషాలు రాకుండా చేయడానికి భాష ఎంత దూరమైనా వెళుతుంది. పూర్ణాంక భాగహారంలో సున్నాతో భాగిస్తే ప్రోగ్రాము ఆగదు, ఫలితం 0 అంటుంది. గణితం పట్ల పట్టింపు ఉన్నవారికి ఇది మింగుడుపడదు, ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది.

పనిముట్లు కొద్దివే. ఒక్క ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేసుకుంటే ప్రాజెక్టు మొదలుపెట్టడం, కంపైల్ చేయడం, ప్యాకేజీలు తెచ్చుకోవడం, రెప్ల్‌లో లైను లైనుగా ప్రయోగించి చూడటం అన్నీ అందులోనే. ప్యాకేజీ కొత్త విడుదలలో ఫంక్షన్ల టైపులు మారితే వెర్షన్ నంబరు ఎంత పెరగాలో పనిముట్టే లెక్కగట్టి అమలు చేస్తుంది. కోడ్‌ను ఒకే తీరులో సర్దే ఎల్మ్ ఫార్మాట్‌ను ఆరన్ వాండర్‌హార్ తయారుచేశాడు. 2018 నాటి 0.19 నుంచి, వాడని ఫంక్షన్లను కంపైలర్ తుది ఫైలులోంచి తీసేస్తోంది. ఫైలు చిన్నదైతే పల్లె సిగ్నల్ మీద నడిచే ఫోనులో పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

తెలుగు పాఠంతో ఒక ప్రయోగం

తెలుగులో పేజీలు రాసేవారు తొలిరోజుల్లోనే చేసి చూడవలసిన ప్రయోగం ఒకటుంది. ఎల్మ్ రెప్ల్‌లో తెలుగు అన్న మాటకు స్ట్రింగ్ లెంగ్త్ అడిగితే 6 వస్తుంది. కంటికి అక్షరాలు మూడే. యూనికోడ్‌లో త, ల, గ ఒక్కొక్కటీ, వాటి మీది ఎత్వం, రెండు కొమ్ములు విడివిడి సంకేతాలు కావడమే ఇందుకు కారణం. అదే మాటను స్ట్రింగ్ రివర్స్‌తో తిప్పితే గులుతె రాదు. మొదట హల్లు లేని కొమ్ము ఒంటరిగా నిలుస్తుంది, దాని వెనక గు, లె, త వస్తాయి. ల మీది కొమ్ము గకు, త మీది ఎత్వం లకు పోయాయి. ఫారంలో పేరు ఇరవై అక్షరాలకు మించకూడదని నియమం పెట్టినా ఇదే చిక్కు, తెలుగు పేర్లు అన్యాయంగా ముందే ఆగిపోతాయి.

ఇది ఎల్మ్ ఒక్కదాని లోపం కాదు, జావాస్క్రిప్ట్ స్ట్రింగులూ ఇలాగే లెక్కిస్తాయి. తేడా ఏమిటంటే బ్రౌజర్‌లో అక్షరాలను విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది. జావాస్క్రిప్ట్ దాన్ని నేరుగా పిలుస్తుంది. ఎల్మ్ పిలవలేదు, పోర్టు అనే సరిహద్దు ద్వారం గుండా జావాస్క్రిప్ట్‌కు సందేశం పంపి జవాబు కోసం ఎదురుచూడాలి. ఒక ఫంక్షన్‌తో పోయే పనికి ఒక సందేశం వెళ్లడం, మరొకటి రావడం. మన భాషలో పని చేసేవారికి ఎల్మ్ పరిమితి ముందుగా అనుభవంలోకి వచ్చేది ఇక్కడే.

పరిమితులు, బంధువులు

0.19లో భాషా బృందం బయట ఎవరూ ప్యాకేజీల్లో నేరుగా జావాస్క్రిప్ట్ రాయకుండా కట్టడి చేశారు. రన్‌టైమ్ దోషాలు రావన్న హామీ నిలవాలంటే అది తప్పదన్నది బృందం వాదన. అప్పటికే అలా రాసుకున్న కొన్ని జట్లు నొచ్చుకుని భాషను వదిలాయి. 2019 తర్వాత ఏళ్లపాటు కొత్త విడుదల రాలేదు. స్థిరంగా ఉన్న భాష విద్యార్థికి మేలే, ఐదేళ్ల కిందటి పాఠం ఇవాళా పనిచేస్తుంది. కాని బ్రౌజర్లలో వచ్చే కొత్త సదుపాయాలు అందుకోవడంలో ఎల్మ్ వెనకబడింది, దీన్ని దాచి భాషను సిఫార్సు చేయడం తగదు. చాప్లికీ 2023లో స్ట్రేంజ్ లూప్ సదస్సులో ప్రోగ్రామింగ్ భాషల ఆర్థికం మీద మాట్లాడాడు. పెద్ద కంపెనీ అండ లేని భాష నిలబడటం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే ఆ ప్రసంగం వినాలి.

ఇదే పనికి వచ్చే ఫంక్షనల్ భాషలు ఇంకా ఉన్నాయి. 2011లో వచ్చిన క్లోజర్‌స్క్రిప్ట్ లిస్ప్ శాఖది, టైపుల బెడద లేదు, రియాక్ట్‌తో చక్కగా కలుస్తుంది. ఫిల్ ఫ్రీమన్ 2013లో మొదలుపెట్టిన ప్యూర్‌స్క్రిప్ట్ హాస్కెల్‌కు దగ్గర. అందులో ఎల్మ్‌లో లేని శక్తి ఉంది, మొదటి మెట్టు కూడా అంతే ఎత్తు. ఓకామెల్ వంశంలోని రీజన్, దానినుంచి 2020లో విడివడిన రీస్క్రిప్ట్ రియాక్ట్ జట్లకు అనుకూలం. ఎఫ్ షార్ప్ తెలిసినవారికి ఫేబుల్ ఉంది, దాని ఎల్మిష్ లైబ్రరీ పేరులోనే మూలం కనిపిస్తుంది. 2024లో 1.0కు చేరిన గ్లీమ్ భాషకు లస్టర్ ఉంది, అదీ ఎల్మ్ ఆర్కిటెక్చర్ మీదే నడుస్తుంది. ఏ అనుభవమూ లేనివారు వీటన్నిటిలో ఎల్మ్‌తోనే మొదలుపెట్టడం మంచిది. నేర్చుకోవలసింది తక్కువ, తప్పు జరిగితే వచ్చే సలహా స్పష్టం.

ఎల్మ్ వాడకం కన్నా దాని ప్రభావం చాలా పెద్దది. రియాక్ట్ లోకంలో 2015 నుంచి రాజ్యమేలిన రిడక్స్, వ్యూ జేఎస్‌కు తోడుగా వచ్చిన వ్యూఎక్స్ తమ మూలాల్లో ఎల్మ్‌ను పేర్కొంటాయి. టెర్మినల్ ప్రోగ్రాముల కోసం గో భాషలో ఉన్న బబుల్ టీ కూడా ఈ మూడంగాల పద్ధతినే అనుసరిస్తుంది.

మొదలుపెట్టేవారికి అధికారిక గైడు ఉచితం, బటన్లతో ఆరంభమై ఫారాలు, సర్వర్ అభ్యర్థనల దాకా తీసుకెళుతుంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే రాసి చూడటానికి ఎల్లీ ఉంది. ఫెల్డ్‌మన్ రాసిన ఎల్మ్ ఇన్ యాక్షన్ 2020లో మ్యానింగ్ ప్రచురించింది, ఒకే ఫొటో యాప్‌ను పెంచుకుంటూ పోయే పుస్తకం. చిన్న చిన్న అభ్యాసాలకు ఎక్సర్సిజంలో ఎల్మ్ విభాగం ఉంది. ఆ తర్వాత, రియాక్ట్ ఉద్యోగం లక్ష్యమైనవారు పై ఫలితాల పేజీని ఎల్మ్‌లో పూర్తిచేసి, అదే పేజీని టైప్‌స్క్రిప్ట్‌తో, రియాక్ట్‌లో 2019 నుంచి ఉన్న యూజ్‌రెడ్యూసర్‌తో మళ్లీ రాయాలి. అప్‌డేట్ ఫంక్షన్ ఇంచుమించు అలాగే రెడ్యూసర్ అవుతుంది, నాలుగు రూపాల టైపు యూనియన్ అవుతుంది. డీకోడర్ చేసిన తనిఖీ మాత్రం దానంతట అది రాదు, దాన్ని చేతితో రాసుకోవాలి లేదా ఒక లైబ్రరీని తెచ్చుకోవాలి.